పెన్షన్ నోటీసు వచ్చిందా? డాక్టరు ముందుకు వెళ్ళేలోపు చేసుకోవాల్సిన పనులు

ఒకటో తారీఖు పొద్దున్నే వెల్ఫేర్ అసిస్టెంట్ గుమ్మంలోకి వచ్చి, వేలిముద్ర వేయించుకుని, ఆరు వేలు చేతిలో పెట్టి వెళ్తాడు. అదే మనిషి నెల మధ్యలో ఓ కాగితం పట్టుకొచ్చి "నోటీసు అక్కా, అందినట్టు సంతకం పెట్టండి" అంటే గుండె జారిపోతుంది. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నో ఇళ్ళలో జరిగింది ఇదే.

2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా అనే రాష్ట్ర పెన్షన్ పథకం కింద దివ్యాంగుల పెన్షన్ 3,000 నుంచి 6,000 అయింది. పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి 15,000 చేశారు. డబ్బు పెరిగాక తనిఖీ వచ్చింది. 2025 జనవరిలో మొదట 15 వేలు తీసుకునేవారి ఇళ్ళకు డాక్టర్లు వెళ్ళారు. ఆ తర్వాత మిగతావారిని ఆస్పత్రులకు పిలిచి మళ్ళీ పరీక్షలు చేశారు. వైకల్యం 40 శాతం కంటే తక్కువ తేలినవారికి ఆగస్టులో నోటీసులు వెళ్ళాయి. దొంగ సదరం సర్టిఫికెట్లు (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు రాసిచ్చే కాగితాలు) ఉన్నాయన్న మాట అబద్ధమేమీ కాదు, ఎవరెవరికి ఉన్నాయో ప్రతి ఊళ్ళోనూ తెలుసు. కానీ వాళ్ళకంటే ఎక్కువ టెన్షన్ పడింది చిన్నప్పటి నుంచి కాలు ఈడ్చుకుంటూ నడిచినవాళ్ళే.

నాకు ఎడమ కాలు పోలియో. నన్నూ మళ్ళీ పరీక్షకు పిలిచారు. ఆ తర్వాత మా చుట్టుపక్కల కొందరికి అర్జీలు రాసిపెట్టాను. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను. తనిఖీలు ఇంతటితో ఆగవు. మీకు ఇప్పటివరకు నోటీసు రాకపోయినా, నాలుగో అంచె మాత్రం తప్పకుండా చదవండి.

1. ముందు అది పుకారో ఉత్తర్వో తేల్చుకోండి

"వచ్చే నెల నుంచి 60 శాతం ఉంటేనే పెన్షన్ అంట", "ఇంట్లో ఒకరికే అంట" లాంటి వాట్సాప్ మెసేజీలకు నిద్ర పాడు చేసుకోకండి. ప్రభుత్వం మార్పు చేస్తే దానికి జీవో నంబరు, తేదీ ఉంటాయి. సచివాలయానికి వెళ్ళి "జీవో నంబరు ఎంత?" అని అడగండి. నంబరు చెప్పలేకపోతే అది ఇంకా మాటల్లోనే ఉందని అర్థం.

మాటల్లో ఉన్నప్పుడు కూడా అభ్యంతరం రాసి ఇవ్వొచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. మీ కష్టం ఒక పేజీలో రాసివ్వండి. పదిమంది కలిసి వెళ్ళినా ఎవరి అర్జీ వాళ్ళు విడిగా ఇవ్వండి. అందరూ కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెడితే ఒక్క అర్జీగానే లెక్కేస్తారు.

ఇంకో సంగతి. ఈ పెన్షన్ డబ్బు ఢిల్లీ నుంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. కేంద్రం వికలాంగుల పెన్షన్ పథకం 80 శాతం పైబడిన, దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి మాత్రమే. అందులో కేంద్రం ఇచ్చేది నెలకు 300 రూపాయలు. మిగతాదంతా రాష్ట్రం సొమ్మే. కాబట్టి అర్జీ పెట్టాల్సింది రాష్ట్రానికే.

2. నోటీసులో కారణం వెతకండి

నోటీసు చేతికి రాగానే ఎవరైనా శాతమే చూస్తారు. మీరు దాని పక్కనున్న కారణం చదవండి. చదవడం రాకపోతే పిల్లల చేత చదివించుకోండి. మామూలుగా నాలుగు రకాలు ఉంటాయి.

వైకల్యం 40 శాతం లోపు తేలింది, పెన్షన్ ఆపుతాం. ఇది ఒకటి.

వైకల్యం ఉంది కానీ 15 వేల కోవలోకి రాదు, ఆరు వేల కోవలోకి మారుస్తాం. ఇది రెండోది.

మూడోది అరవై దాటినవారికి వస్తుంది. శాతం తగ్గింది కానీ వయసు ఉంది కాబట్టి నాలుగు వేల వృద్ధాప్య పెన్షన్‌కు మారుస్తాం అంటారు.

నాలుగోదానికి మీ ఒంటితో పనే లేదు. కరెంటు వాడకం 300 యూనిట్లు దాటిందనో, ఇంట్లో కారుందనో, ఎవరికో ప్రభుత్వ ఉద్యోగం ఉందనో రాస్తారు. దీనికి డాక్టరు చుట్టూ తిరిగి లాభం లేదు. అద్దెకున్నవాళ్ళ మీటరు కూడా మీ ఆధార్‌కే లింకై ఉందేమో కరెంటాఫీసులో చూడండి. ఎప్పుడో అమ్మేసిన బండి ఆర్టీవో రికార్డులో ఇంకా మీ పేరు మీదే ఉందేమో చూడండి. ఇలాంటివి వైద్య పరీక్షతో తేలవు, ఆ కాగితం సరిచేయించుకుంటేనే తేలతాయి.

3. గడువులోపు అప్పీలు పెట్టి, రసీదు తీసుకోండి

2025లో అప్పీళ్ళు పల్లెల్లో ఎంపీడీవో ఆఫీసులో, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్ ఆఫీసులో తీసుకున్నారు. అప్పీలు పెట్టుకున్నవారికి పెన్షన్ ఆపకుండా ఇస్తామని ప్రభుత్వం అప్పట్లో ప్రకటించింది. అంటే ఊరికే ఇంట్లో కూర్చుని ఏడ్చినవాళ్ళకంటే కాగితం ఇచ్చినవాళ్ళే నయం. గడువు ఎన్ని రోజులో నోటీసులోనే ఉంటుంది. ఆ తేదీని క్యాలెండర్ మీద పెన్నుతో చుట్టండి.

అర్జీలో ఏం రాయాలి? "నేను నిరుపేదను, ఈ పెన్షనే ఆధారం" అని రెండు పేజీలు రాస్తారు. నేనూ మొదట్లో అలాగే రాసేవాణ్ణి. అది నిజమే అయినా అక్కడ తేల్చాల్సింది పేదరికం సంగతి కాదు. పరీక్షలో ఏం పొరపాటు జరిగిందో రాయండి. ఇలా:

"ఎంపీడీవో గారికి నమస్కారాలు. ఫలానా తేదీన నాకు అందిన నోటీసులో నా వైకల్యం 30 శాతమని ఉంది. ఆ రోజు నా కుడి కన్ను మాత్రమే చూశారు. చిన్నప్పుడు విరిగి వంకరగా అతికిన నా ఎడమ కాలును ఏ డాక్టరూ పరీక్షించలేదు. పాత సదరం సర్టిఫికెట్, ఎక్స్‌రే, ఆధార్, నోటీసు జిరాక్సులు జతపరిచాను. కంటినీ కాలునీ సంబంధిత డాక్టర్ల చేత మళ్ళీ పరీక్ష చేయించి, అది తేలేవరకు నా పెన్షన్ కొనసాగించవలసిందిగా కోరుతున్నాను."

ఇంతే. రెండు కాపీలు తీసుకెళ్ళి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. "పోండమ్మా, ఆన్‌లైన్‌లో ఎక్కించేశాం" అంటారు. ఎక్కించారు సరే, ఆ నంబరు నా కాపీ మీద రాయండి అని నెమ్మదిగా అడిగి అక్కడే నిలబడండి.

4. డాక్టరు ఏం కొలుస్తాడో ముందే తెలుసుకోండి

అసలు సంగతంతా ఇక్కడే ఉంది. మన బాధ ఎంతుందో అంత శాతం రాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఏ రకాన్ని ఎలా కొలవాలో కేంద్రం 2018 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2024 మార్చిలో వాటిని సవరించింది. డాక్టరు చేతిలో ఉండేది ఆ లెక్కే.

కాళ్ళు. టేపుతో కాలు పొడవు కొలుస్తారు. కీలు ఎంతవరకు వంగుతుందో కోణం చూస్తారు. కండరంలో బలం ఎంతుందో సున్నా నుంచి ఐదు వరకు గ్రేడు వేస్తారు. ఆ తర్వాత నిలకడ చూడాలి. చదునైన నేల మీద నడవడం, వాలు మీద నడవడం, మెట్లెక్కడం, బాగాలేని కాలి మీద ఒంటికాలిపై నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, మోకాళ్ళ మీద కూర్చోవడం, వెనక్కి తిరగడం, ఇవన్నీ ఆ లెక్కలో ఉన్నాయి. రద్దీ క్యాంపులో రెండు అడుగులు వేయించి "సరే, నెక్స్ట్" అంటారు. నా విషయంలో అదే జరిగింది. రెండోసారి వెళ్ళినప్పుడు "సార్, నేను గొంతుక్కూర్చోలేను, ఒకసారి చూడండి" అని నేనే అడిగాను. ఆయన విసుక్కోలేదు. కూర్చోమన్నాడు, పడబోతే పట్టుకున్నాడు, రాసుకున్నాడు. అడగాలని మొదటిసారి నాకు తెలియదు, అంతే.

కళ్ళు. అద్దాలు పెట్టుకున్నాక ఎంత కనపడుతుందో అదే లెక్క. ఒక కన్ను పూర్తిగా పోయినా రెండోది బాగుంటే వచ్చేది 30 శాతమే. ఇది వినగానే చాలామంది డాక్టరు మీద విరుచుకుపడతారు. ఆయన తగ్గించింది కాదది, రూల్లోనే ఉంది. ఆ రూలు న్యాయమైనదని నేననను. ఒంటికన్నుతో బండి నడపాలన్నా, సూదిలోకి దారం ఎక్కించాలన్నా ఎంత కష్టమో పడేవాడికి తెలుసు. కానీ ఒంటికన్ను ఒక్కదాని మీదే అప్పీలుకు వెళ్తే నెగ్గడం కష్టమని మాత్రం ముందే చెప్పాలి. రెండో కంటిలో షుగరు వల్లో మరో కారణం వల్లో చూపు తగ్గుతుంటే ఆ రిపోర్టు తప్పక పెట్టండి.

చెవులు. రెండు చెవులూ చూస్తారు. చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి లోపం, 70 ఉంటే చెవుడు. హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినపడగానే చెయ్యెత్తమంటారు. వినపడినా ఎత్తకుండా కూర్చుందామని ఎవరో సలహా ఇస్తారు, వినకండి. అనుమానం వస్తే తలకు వైర్లు అంటించి బెరా పరీక్ష చేస్తారు, అందులో మన నటన పనిచేయదు. ఒకసారి అబద్ధమని రాశారంటే నిజంగా ఉన్న లోపాన్ని కూడా ఎవరూ నమ్మరు.

మానసిక ఎదుగుదల. ఇక్కడ తల్లులు నష్టపోవడం నేను కళ్ళారా చూశాను. ఐక్యూ పరీక్షతో పాటు పిల్లాడు రోజూ ఏమేం చేసుకోగలడో తల్లినో తండ్రినో అడిగి స్కోరు వేస్తారు. ఆ స్కోరు 55 నుంచి 69 మధ్య ఉంటే 50 శాతం వైకల్యం, 70 నుంచి 84 మధ్య ఉంటే 25 శాతమే. ఆ గీతకు అటో ఇటో ఉన్నప్పుడు ఒక్కో జవాబూ ముఖ్యమే. మాకు తెలిసిన ఒకావిడ పదిహేనేళ్ళ కొడుకుని తీసుకెళ్ళింది. "బాబు స్నానం తనే చేస్తాడా అమ్మా?" "చేస్తాడండి." "బట్టలు?" "వేసుకుంటాడండి." "షాపుకెళ్ళి సరుకులు తెస్తాడా?" "తెస్తాడండి, మా వాడు అన్నీ చేస్తాడు." బయటికొచ్చాక నేనడిగాను. నీళ్ళు తోడిపెట్టి, సబ్బు చేతికిచ్చి, వెనకే నిలబడి చెప్తే చేస్తాడట. చొక్కా వేసుకుంటాడు గానీ గుండీలు ఆవిడే పెట్టాలి. షాపుకి చీటీ, సరిపడా చిల్లర ఇచ్చి పంపితే షాపాయనే అన్నీ సంచిలో వేస్తాడట. నలుగురిలో కొడుకుని తక్కువ చేసి మాట్లాడటం ఏ తల్లికీ ఇష్టం ఉండదు. ఆ గదిలో మాత్రం "చేస్తాడు" అన్న తర్వాత "ఎలా చేస్తాడంటే" అని కూడా చెప్పాలి. అబద్ధం ఒక్కటీ అక్కర్లేదు.

మానసిక జబ్బులకైతే జబ్బు ఎన్నాళ్ళుగా ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే పాత మందుల చీటీలు పారేయకండి.

రెండు లోపాలు ఉన్నవాళ్ళ లెక్క. ఇది చాలామందికి తెలియదు. ఒకే మనిషికి రెండు వైకల్యాలుంటే రెండూ కలిపి సర్టిఫికెట్ ఇవ్వాలి. కలపడమంటే ఊరికే కూడటం కాదు. పెద్ద శాతాన్ని అలాగే ఉంచుతారు. 90లోంచి ఆ పెద్ద శాతాన్ని తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగిస్తారు. వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. పైన అర్జీలో రాసిన మనిషినే తీసుకోండి. కంటికి 30 వచ్చింది, కాలికి 20 వచ్చిందనుకుందాం. 90లో 30 పోతే 60. ఇరవై అరవైలు 1,200. దాన్ని 90తో భాగిస్తే 13 చిల్లర. మొత్తం 43. కన్ను ఒక్కటే చూసిన రోజున పెన్షన్ పోయింది, కాలు కూడా చూపిస్తే నిలబడుతుంది. అదే రెండూ ఇరవై ఇరవై అయితే కలిపినా 35 చిల్లరే వస్తుంది, అది చాలదు. వెళ్ళేముందు ఇంట్లో కాగితం మీద వేసి చూసుకోండి.

5. పరీక్షకు వెళ్ళే రోజు

అసలు సర్టిఫికెట్లు, జిరాక్సులు వేర్వేరు కవర్లలో పెట్టుకోండి. లామినేషన్ చేయించిన పాత సర్టిఫికెట్ లోపల ఇంకు చెదిరి నంబరు కనపడని కేసులు చూశాను, వెళ్ళేముందు ఒకసారి సరిచూసుకోండి. పోయిన కాగితాల కోసం కూలబడకండి. సదరం నంబరు తెలిస్తే రికార్డు ఆన్‌లైన్‌లో ఉంటుంది.

కాలికి బిగించుకునే క్యాలిపరు, కర్ర, వినికిడి మిషన్, కళ్ళద్దాలు, రోజూ ఏం వాడితే అవి వేసుకునే వెళ్ళండి. పండక్కి వెళ్ళినట్టు "బాగుంటుంది" అని కర్ర ఇంట్లో పెట్టి గోడ పట్టుకుంటూ వచ్చేవాళ్ళుంటారు. వాడని కర్ర అరువు తెచ్చుకునేవాళ్ళూ ఉంటారు. అరచేతిలో కాయ కాసిందో లేదో డాక్టరుకు చూడగానే తెలిసిపోతుంది.

తోడు మనిషిని తీసుకెళ్ళండి. టిఫిన్, మంచినీళ్ళు, మందులు దగ్గరుంచుకోండి. పదింటికి రమ్మంటారు, పేరు పిలిచేసరికి మూడవుతుంది. మంచం మీంచి లేవలేనివారుంటే ఆటోలో కుక్కి తీసుకురావద్దు. పరిస్థితి రాసి, మంచంలో ఉన్న ఫొటో జతచేసి, ఇంటికొచ్చి చూడమని ముందే ఎంపీడీవో ఆఫీసులో ఇవ్వండి. 2025లో 15 వేల పెన్షన్‌దారుల ఇళ్ళకు డాక్టర్లు వెళ్ళారు కాబట్టి ఇది కొత్తగా అడుగుతున్నదేం కాదు.

దళారుల మాట కూడా చెప్పాలి. ఆస్పత్రి గేటు దగ్గరే టీ కొట్టు పక్కన ఒకతను కలిసి "పది వేలిస్తే శాతం నేను చూసుకుంటా" అంటాడు. రేపు ఇంకో తనిఖీలో ఆ శాతం నిలవదు. పైగా పోయేది మీ పేరు, వాడిది కాదు.

6. ఫలితం వచ్చాక

40 దాటిందా? కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు, అదే యూడీఐడీ కార్డు కూడా తీసుకోండి. రాష్ట్రం మారినా చెల్లుతుంది. 40 లోపువారికి తెల్ల కార్డు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. సర్టిఫికెట్ మీద టెంపరరీ అని ఉంటే గడువు తేదీ చూసుకుని, అంతకు రెండు మూడు నెలల ముందే మళ్ళీ పరీక్షకు స్లాటు కోసం సచివాలయంలోనో మీసేవలోనో అడగడం మొదలుపెట్టండి.

మళ్ళీ తక్కువే వచ్చిందా? సర్టిఫికెట్‌కు అర్హత లేదని చెప్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2017 నాటి కేంద్ర నిబంధనల్లో ఉంది. అది అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మీ పరీక్ష కాగితాల కాపీలు కోరండి. 30 రోజుల్లో జవాబివ్వాలి, తెల్లరేషన్ కార్డు ఉంటే ఫీజు అక్కర్లేదు. ఆ కాగితంలో "నిలకడ" దగ్గర ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేశారంటే మీ తర్వాతి అప్పీలుకు అంతకంటే బలం ఇంకేం కావాలి.

వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి నిర్ణయం మీద అప్పీలు చేసుకోవచ్చు. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. లాయరు కావాలంటే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 చట్టమే చెప్తోంది. ఫోన్ నంబరు 15100. "కోర్టా, మనకెందుకులే" అనుకోకండి. సగం పనులు ఆ ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వెళ్తేనే కదులుతాయి.

అరవై దాటినవారు వృద్ధాప్య పెన్షన్‌కు మారుస్తామంటే వెంటనే వద్దనకండి. ముందు ఆ నాలుగు వేలు ఆగకుండా వచ్చేలా చూసుకుని, మిగతా రెండు వేల కోసం అప్పీలు నడపండి. "అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టండి.

తెలంగాణలో ఉన్నవాళ్ళకు పెన్షన్ 4,016. ఆరు వేల హామీ కోసం ఎదురుచూపులు వేరే కథ. అక్కడ కూడా సదరం నుంచి యూడీఐడీకి మారారు, కొలిచే మార్గదర్శకాలు కేంద్రానివే కాబట్టి పైన నాలుగో అంచెలో రాసిన లెక్కలన్నీ అక్కడా అవే. అర్జీ సోమవారం ప్రజావాణిలో ఇవ్వండి.

ఇక ఆ గుండీల అబ్బాయి సంగతి. వాళ్ళమ్మ అప్పీలు పెట్టింది. రెండోసారి వెళ్ళేముందు వారం రోజులపాటు పొద్దుటి నుంచి రాత్రి వరకు వాడు ఏం చేశాడో, అందులో తను ఎక్కడెక్కడ చెయ్యి వేసిందో కూతురి చేత నోటుబుక్కులో రాయించింది. లోపల అడిగిన ప్రతిదానికీ ఆ పుస్తకం చూసే జవాబిచ్చిందట. ఈసారి 50 శాతం రాశారు. ఆ నోటుబుక్కు ఇప్పుడు సర్టిఫికెట్‌తో పాటు బీరువాలోనే ఉంది.